వెస్ట్ పాయింట్‌లో చేరుతున్న మా అమ్మాయికి బాక్సింగ్ తప్పనిసరి అంటున్నారు, పంపవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మాది తెనాలి. ఇరవై రెండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు. వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో సీటు వచ్చింది, ఈ వేసవిలో చేరాలి. మొదటి సంవత్సరంలో అమ్మాయిలకూ బాక్సింగ్ తరగతి తప్పనిసరి అని తెలిసిన నాటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. పదిహేనేళ్ళప్పుడు సాకర్ ఆటలో ఇంకో అమ్మాయి తల గుద్దుకుని దీనికి కంకషన్ (తల కుదుపు వల్ల మెదడుకు తగిలే దెబ్బ) అయింది, మూడు వారాలు ఆట మాన్పించారు. ఆ సంగతి వైద్య పరీక్ష ఫారంలో రాశాము, వారు అర్హత ఇచ్చారు. అయితే అక్కడికి వెళ్ళాక ఆ విషయం మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తవద్దని, చిన్న చిన్న దెబ్బలకు ఆసుపత్రికి పరుగెత్తితే పిరికిదనే ముద్ర పడుతుందని మావారు దానికి నూరిపోస్తున్నారు. మా అత్తగారేమో ఆడపిల్లను గుద్దులాటకు పంపుతారా అని ఫోనులో ఏడుస్తున్నారు. అమ్మాయి మాత్రం ఉత్సాహంగా ఉంది. ఈ బాక్సింగ్ వల్ల నిజంగా ప్రయోజనం ఉందా? తలకు జరిగే నష్టం ఎంత? మేము ఏం చేయాలి? (ఒక తల్లి)

సమాధానం:

అమ్మా,

మీ అమ్మాయి ఆ తరగతికి వెళ్ళవచ్చు. అయితే మూడేళ్ళ నాటి దెబ్బ సంగతి అక్కడి వైద్యుల ముందు మళ్ళీ ఒకసారి స్పష్టంగా పెట్టి, వారు సరేనన్న తర్వాతే గ్లవ్స్ తొడుక్కోవాలి. మీవారు ఇస్తున్న సలహాను మాత్రం ఎంత మాత్రమూ పాటించవద్దు. ఆయన మీద కోపంతో ఈ మాట అనడం లేదు. సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన కాలంలో ఆ సలహా విన్న పిల్లలను నేను చూశాను, ఒక సందర్భంలో అలాంటి పిల్లవాడి విషయంలో నేనే పొరపాటు చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ తరగతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అక్కడివారు దానిని ఎందుకంత పట్టుదలగా కొనసాగిస్తున్నారో మీకు అర్థమవుతుంది. హడ్సన్ నది ఒడ్డున 1802లో ఏర్పడిన ఆ అకాడమీ పాఠ్యక్రమంలోకి బాక్సింగ్ 1905లో వచ్చింది. అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా బాక్సింగ్ మీద మోజున్న మనిషి, పదవిలో ఉండగా కూడా శ్వేతసౌధంలో గ్లవ్స్ తొడుక్కుని యువ సైనికాధికారులతో తలపడేవాడు. అలా ఒకసారి తగిలిన గుద్దుకు ఆయన ఎడమ కంట్లో రక్తనాళాలు చిట్లి, క్రమంగా ఆ కన్ను చూపు పోయింది. కొట్టిన కుర్రవాడు బాధపడతాడని ఆయన ఆ సంగతిని ఏళ్ళ తరబడి బయటకు పొక్కనివ్వలేదు. ఆ మర్యాదను మెచ్చుకోవలసిందే. కానీ సైనికుల బాక్సింగ్‌లో దెబ్బను దాచుకోవడం ఒక గొప్పగా చెలామణి కావడానికి అంత పెద్ద మనిషి నుంచే ఉదాహరణ దొరకడం నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

అమ్మాయిలను ఆ అకాడమీలో 1976 నుంచి చేర్చుకుంటున్నారు. నలభై ఏళ్ళ పాటు బాక్సింగ్ మాత్రం అబ్బాయిలకే తప్పనిసరిగా ఉండేది. యుద్ధరంగంలోని అన్ని విభాగాల తలుపులూ స్త్రీలకు తెరుస్తున్నట్టు అమెరికా రక్షణ శాఖ 2015 డిసెంబరులో ప్రకటించిన తర్వాత, 2016లో ఆ తరగతి అమ్మాయిలకూ తప్పనిసరి అయింది. పదాతిదళంలో చేరడానికి అర్హత ఉన్న మనిషికి ఆ శిక్షణలో మినహాయింపు ఎందుకు అన్నది వారి వాదన, అందులో న్యాయం ఉంది. మీ అత్తగారికి నచ్చజెప్పడానికి ఇంత చరిత్ర అక్కరలేదు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిందని చెప్పండి. ఆడపిల్ల అనే ప్రశ్న అక్కడితో తీరుతుంది. తల అనే ప్రశ్న తీరదు, అది అబ్బాయికైనా అమ్మాయికైనా ఉన్నదే.

ఇక ప్రయోజనం సంగతి. నేను బాక్సింగ్‌కు వ్యతిరేకినని నా పాత మిత్రులు అంటారు కాబట్టి, దాని పక్షాన చెప్పవలసింది ముందే చెబుతాను. జీవితంలో ఎన్నడూ ముఖం మీద దెబ్బ తినని పద్దెనిమిదేళ్ళ పిల్లలు మొదటిసారి రింగులోకి వచ్చినప్పుడు ఏం చేస్తారో నేను దగ్గర నుంచి చూశాను. ఎదుటి చేయి కదలగానే కళ్ళు మూసుకుంటారు, ఊపిరి బిగబడతారు, తల పక్కకు తిప్పేస్తారు, అంటే సరిగ్గా దెబ్బ గట్టిగా తగిలే భంగిమలోకి తామే వెళ్తారు. ఆరేడు తరగతులు గడిచేసరికి అదే పిల్లలు కళ్ళు తెరిచి ఉంచి, గడ్డం దించుకుని, ఊపిరి వదులుతూ, కాలు ఎక్కడ పెట్టాలో ఆలోచించడం మొదలుపెడతారు. భయం పోయిందని కాదు, భయం ఉండగానే బుర్ర పనిచేయడం అలవాటవుతుంది. రేపు ముప్పై నలభై మంది సైనికుల ప్రాణాలు తన మాట మీద ఆధారపడే అధికారికి ఈ అలవాటు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో తన ఒంటి మీద తెలిసిన మనిషి, బలప్రయోగానికి ఆజ్ఞ ఇచ్చేటప్పుడు కొంత నిదానిస్తాడని నేను నమ్ముతాను. ఇది నా నమ్మకమే తప్ప లెక్కలతో రుజువు చేయగలిగింది కాదు.

అక్కడే చిక్కు ఉంది. బాక్సింగ్ నేర్చుకున్న క్యాడెట్లు (అకాడమీ విద్యార్థులు), అదే సమయం కుస్తీలోనో జూడోలోనో గడిపిన క్యాడెట్ల కంటే మంచి నాయకులయ్యారని చూపే గట్టి రుజువు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఎదురుగా ఒక మనిషి మనల్ని ఓడించాలని మీదికి వస్తున్నప్పుడు కలిగే భయం కుస్తీలో కూడా ఉంటుంది, మెడ పట్టుకుని నేలకు అదిమినప్పుడు ఊపిరాడని స్థితిలో ఆలోచించడం కూడా ధైర్యమే. అమెరికా సైన్యం తన సైనికులందరికీ నేర్పే కంబాటివ్స్ అనే ముష్టియుద్ధ, మల్లయుద్ధ శిక్షణలో పట్లకే పెద్ద పీట వేసింది, వెస్ట్ పాయింట్‌లోనూ దానిని నేర్పుతారు. అందువల్ల తల మీద గుద్దులు తినడం ఒక్కటే ధైర్యానికి దారి అన్న మాటను నేను ఒప్పుకోను. బ్రిటన్ పారాచ్యూట్ రెజిమెంటులో మిల్లింగ్ అనే పరీక్ష ఒకటి ఉంది, అరవై సెకన్ల పాటు తప్పించుకోకుండా, కాచుకోకుండా ఒకరి తల మీద ఒకరు కొట్టుకోవాలి. దానితో పోలిస్తే వెస్ట్ పాయింట్ తరగతి ఎంతో నాగరికమైనది, అక్కడ కాచుకోవడం కూడా పాఠమే.

నష్టం ఎంత అని అడిగారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2015లో బయటపెట్టిన లెక్కల ప్రకారం అంతకు ముందటి మూడు విద్యాసంవత్సరాల్లో బాక్సింగ్ వల్ల నమోదైన కంకషన్లు వెస్ట్ పాయింట్‌లో 97, వైమానిక దళ అకాడమీలో 72, నావికా దళ అకాడమీలో 29. వెస్ట్ పాయింట్‌లో జరిగిన మొత్తం కంకషన్లలో దాదాపు అయిదో వంతు, వైమానిక దళ అకాడమీలో నాలుగో వంతు బాక్సింగ్ వల్లనే వచ్చాయి. ఈ సంఖ్యలను ఎలా చదవాలో చెబుతాను. వెస్ట్ పాయింట్‌లో ఏటా చేరేవారు సుమారు 1,200 మంది. అప్పట్లో అబ్బాయిలే ఈ తరగతి చేసేవారు కాబట్టి ఏటా వెయ్యి మంది అనుకుందాం. మూడేళ్ళలో 97 అంటే ఏడాదికి 32 లేదా 33, అంటే అవన్నీ ఈ తరగతిలోనే జరిగాయని అనుకున్నా, నూటికి ముగ్గురి చొప్పున. రింగులోకి దిగిన ప్రతివాడూ మెదడు దెబ్బతో బయటికి వస్తాడని భయపడేవారికి ఇది ఊరట కలిగించే లెక్క. కానీ ఇందులో నమోదైనవే ఉన్నాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళిన వారి సంఖ్య ఇది, మీవారి లాంటి తండ్రుల మాట విని వెళ్ళని వారి సంఖ్య ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

కంకషన్ అంటే ఏమిటో మీకు కొంత తెలుసు, అయినా రెండు అపోహలు తొలగించాలి. మన తెనాలి వైపు కురిడీ కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల కుడుక గోడలకు తగిలి చప్పుడవుతుంది కదా. మెదడు అంత వదులుగా ఉండదు, చుట్టూ ద్రవం ఉంటుంది. అయినా తల ఒక్కసారిగా గిర్రున తిరిగినప్పుడు పుర్రె ముందు తిరుగుతుంది, మెత్తటి మెదడు వెనుకబడి మెలి పడుతుంది. ఆ మెలిలో సన్నటి నాడీ తంతువులు సాగుతాయి, కణాల లోపలి రసాయనాల సమతౌల్యం చెదురుతుంది. గడ్డం మీద పక్క నుంచి పడే హుక్ దెబ్బ ప్రమాదకరం అయ్యేది అందుకే, అది తలను తిప్పుతుంది. ఇప్పుడు ఆ కురిడీకి నాలుగు మడతల తువ్వాలు చుట్టి ఊపండి, చప్పుడు ఆగదు. హెడ్‌గార్డ్ సంగతి కూడా దాదాపు అంతే. చర్మం చీలకుండా, ఎముక విరగకుండా అది కాపాడుతుంది గాని మెదడు కుదుపును ఆపుతుందన్న భరోసా లేదు. అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ సంఘం 2013లో పెద్ద స్థాయి పురుషుల పోటీల నుంచి హెడ్‌గార్డును తీసివేయగా, 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషులు ఒట్టి తలతోనే ఆడారు. మీ అమ్మాయి హెడ్‌గార్డ్ పెట్టుకుంటుంది, పెట్టుకోవాలి, కానీ అది ఉంది కదా అని మీరు గాని ఆమె గాని నిశ్చింతగా ఉండకూడదు. పంటికవచం కూడా దంతాల కోసం, దవడ కోసం.

రెండో అపోహ స్పృహ తప్పితేనే దెబ్బ అనుకోవడం. కంకషన్ అయినవారిలో స్పృహ తప్పేవారు నూటికి పదిమంది కూడా ఉండరు. మిగిలినవారు నిలబడే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు, కొందరు బౌట్ (రింగులో జరిగే పోటీ) గెలుస్తారు కూడా. ఇక్కడే నా పొరపాటు సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట మన దేశంలోని ఒక శిక్షణ సంస్థలో రింగు పక్కన కూర్చునే వైద్యుడిగా నన్ను వేశారు. కృష్ణా జిల్లా కుర్రవాడు ఒకడు తన బౌట్ గెలిచి, దిగివచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చుని, "సార్, నా బౌట్ ఎప్పుడు?" అని అడిగాడు. అయిపోయింది, గెలిచావు అన్నాను. నవ్వాడు. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అదే ప్రశ్న, మరి కాసేపటికి మూడోసారి. తల దిమ్మెక్కిందని రెండు రోజుల విశ్రాంతి రాశాను. మూడో రోజు వచ్చి తలనొప్పి లేదన్నాడు, జట్టుకు ఫైనల్లో మనిషి కావాలి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టాను. ఆ కాలపు పద్ధతి అదే, కానీ ఆ సంతకం నాది. ఫైనల్లో తగిలింది పెద్ద దెబ్బ కూడా కాదు. ఆ రాత్రంతా వాంతులు చేసుకున్నాడు, ఆ తర్వాత ఆరు వారాల పాటు పుస్తకంలో ఒక పేజీ వరుసగా చదవలేకపోయాడు. కోలుకున్నాడు, సర్వీసులో చేరాడు. అయితే తలనొప్పి లేదని ఆ మూడో రోజు నాతో చెప్పింది అబద్ధమని, పరాజితుడిగా ఇంటికి ఫోను చేయడం ఇష్టం లేక అలా చెప్పానని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

మొదటి దెబ్బకు చెదిరిన మెదడు సర్దుకోకముందే తగిలే రెండో దెబ్బ, చిన్నదైనా, ఎక్కువ నష్టం చేస్తుంది. చాలా అరుదుగానైనా, అలాంటి రెండో దెబ్బకు మెదడు వేగంగా వాచి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి, అవి ఎక్కువగా మీ అమ్మాయి వయసు వారిలోనే కనిపించాయి. ప్రాణాపాయం సంగతి అలా ఉంచినా, కోలుకునే కాలం సాగుతుంది, మళ్ళీ కంకషన్ అయ్యే అవకాశం పెరుగుతుంది. ఒకసారి కంకషన్ అయినవారికి రెండోసారి అయ్యే అవకాశం ఎక్కువని, సాకర్, బాస్కెట్‌బాల్ వంటి ఒకే రకం ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువగా నమోదవుతున్నాయని చాలా అధ్యయనాల్లో తేలింది. మెడ కండరాల బలంలో తేడా ఒక కారణం కావచ్చు, అమ్మాయిలు దాచకుండా చెప్పడం ఇంకో కారణం కావచ్చు. మీ అమ్మాయి విషయంలో ఈ రెండు సంగతులూ వర్తిస్తాయి. అందుకే ఆ మూడేళ్ళ నాటి కాగితం నాకు ముఖ్యం.

అయితే మూడు వారాల్లో పూర్తిగా తగ్గి, మూడేళ్ళుగా ఏ ఇబ్బందీ లేని ఒకే ఒక్క కంకషన్ బాక్సింగ్ తరగతికి శాశ్వత అడ్డంకి అని చాలామంది వైద్యులు అనరు, నేనూ అనను. తర్వాతి కాలంలో తరచు తలనొప్పులు, చదువులో ఏకాగ్రత తగ్గడం, వెలుతురు పడకపోవడం, నిద్ర చెదరడం వంటివి ఉంటే మాత్రం నా సమాధానం మారుతుంది. వాటిలో ఏదైనా ఉందేమో అమ్మాయినే అడగండి, మీవారు ఎదురుగా లేనప్పుడు అడగండి.

మీరు అడగకపోయినా మీ మనసులో ఉండే భయం ఇంకొకటి ఉంది, పాత బాక్సర్లకు ముసలితనంలో వచ్చే మతిమరుపు, వణుకు. 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లండ్ ఆ స్థితిని వర్ణించిన నాటి నుంచి దాని మీద పరిశోధన సాగుతూనే ఉంది. అది ఏళ్ళ తరబడి వేల దెబ్బలు తిన్నవారిలో కనిపించిన జబ్బు, చనిపోయిన తర్వాత మెదడును పరీక్షిస్తే తప్ప ఖాయంగా నిర్ధారించలేరు. ఒక సెమిస్టరులో కొన్ని తరగతులు, పెద్ద గ్లవ్స్‌తో కొన్ని చిన్న బౌట్లు ఆడే క్యాడెట్‌ను నలభై ప్రొఫెషనల్ పోటీలు ఆడినవాడితో పోల్చడం సరికాదు. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష, అమెచ్యూర్ బాక్సింగ్ వల్ల దీర్ఘకాల మెదడు నష్టం జరుగుతుందనడానికి బలమైన రుజువు లేదని తేల్చింది. దొరికిన అధ్యయనాల నాణ్యత తక్కువని కూడా అదే సమీక్ష చెప్పింది, ఆ రెండో సగాన్ని బాక్సింగ్ అభిమానులు సాధారణంగా ఉదహరించరు. మరోవైపు అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కెనడా పిల్లల వైద్యుల సంఘం కలిసి 2011లో పిల్లలకు, కౌమార వయస్కులకు బాక్సింగ్ వద్దని గట్టిగా చెప్పాయి. ఫుట్‌బాల్‌లో తలకు దెబ్బ తగలడం ఆటలో జరిగే ప్రమాదం. బాక్సింగ్‌లో తల మీద కొట్టడమే ఆట, దానికే పాయింట్లు. వైద్యులకు మింగుడుపడనిది ఈ తేడానే.

ఈ విషయంలో నా సొంత అభిప్రాయం దాచను. ఆ తరగతిని రూపొందించే అధికారం నాకు ఉంటే కాళ్ళ కదలిక, కాచుకోవడం, బస్తా మీద సాధన, శరీరానికి మాత్రమే పరిమితమైన స్పారింగ్ (ఎదుటి మనిషితో చేసే సాధన పోరు) అందరికీ తప్పనిసరి చేసి, తల మీద గుద్దులుండే బౌట్లను ఇష్టమున్నవారికి వదిలేస్తాను, మార్కులు మాత్రం ఆ బౌట్ల ఫలితానికి ముడిపెట్టను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది ఇక్కడ నా వైద్య బుద్ధి. కానీ మీ అమ్మాయి చేరబోయేది నేను రూపొందించిన అకాడమీలో కాదు, ఆమె చేరాలనుకుంటున్నది కూడా సురక్షితమైన వృత్తిలో కాదు. ఒక్క తరగతి కోసం ఆమె అంత కష్టపడి తెచ్చుకున్న సీటును వదులుకోమని చెప్పడానికి నా దగ్గర తగినంత కారణం లేదు. ఇంకో మాట, మొదటి రెండు సంవత్సరాల్లో ఎప్పుడు మానుకున్నా సైనిక సేవ బాధ్యత మెడకు చుట్టుకోదు, మూడో సంవత్సరం మొదలుపెట్టినప్పుడే అది వస్తుంది. అంటే బాక్సింగ్ అనుభవం ఎదురయ్యే కాలంలో వెనక్కి వచ్చే దారి తెరిచే ఉంటుంది. ఈ సంగతి ఆమెకూ తెలిసి ఉండడం మంచిది.

ఇప్పుడు మీవారి సలహా సంగతి. వెస్ట్ పాయింట్‌లో క్యాడెట్లు కట్టుబడే గౌరవ నియమం ఒకటి ఉంది. క్యాడెట్ అబద్ధమాడకూడదు, మోసం చేయకూడదు, దొంగిలించకూడదు, అలా చేసేవారిని సహించకూడదు. బౌట్ తర్వాత తల దిమ్ముగా ఉందా అని వైద్యుడు అడిగినప్పుడు ఉన్నా లేదని చెప్పడం ఆ నియమం కింద ఏమవుతుందో ఆయన్నే ఆలోచించమనండి. పిరికిదనే ముద్ర పడుతుందన్న ఆయన భయం ఊరికే పుట్టింది కాదని నాకు తెలుసు. సైనిక వాతావరణంలో ఆ ముద్ర వేసేవాళ్ళు ఉంటారు, తోటి పిల్లలే ముందుంటారు, తరగతి తప్పితే మళ్ళీ చేయాల్సి వస్తుందన్న బెంగ కూడా ఉంటుంది. కానీ కాలం మారింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో పేలుళ్ళ వల్ల వేలాది సైనికులకు మెదడు దెబ్బలు తగిలిన తర్వాత అమెరికా సైన్యం ఈ విషయంలో తన వైద్య పద్ధతులను చాలా మార్చుకుంది. 2014లో అక్కడి కళాశాల క్రీడల సంఘం, రక్షణ శాఖ కలిసి మూడు కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన పెద్ద కంకషన్ అధ్యయనంలో ఈ సైనిక అకాడమీలు కూడా ఉన్నాయి. క్రీడాజట్ల వారినే కాక మామూలు క్యాడెట్లను కూడా ముందుగా పరీక్షించి, దెబ్బ తగిలిన తర్వాత పోల్చి చూశారు. అంటే ఆమె వెళ్ళేచోట ఈ జబ్బు గురించి బాగా తెలిసిన వైద్యులున్నారు. నోరు విప్పకుండా ఉంటే వారి వల్ల ప్రయోజనం ఉండదు.

ఆ ముందస్తు పరీక్ష గురించి ఒక హెచ్చరిక. జ్ఞాపకశక్తి, స్పందన వేగం, నిలకడ వంటివి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉన్నాయో కొలిచి పెట్టుకుంటారు. కొందరు తెలివైన పిల్లలు ఆ పరీక్షలో కావాలని తక్కువ చేస్తారు, రేపు దెబ్బ తగిలిన తర్వాత చేసినా తేడా కనిపించకూడదని. ఇది తన పొలం గట్టును తానే తెగ్గొట్టుకోవడం వంటిది. అమ్మాయికి ఈ కిటుకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, మీరు ముందే చెప్పి ఉంచండి.

రింగులో తగిలిన దెబ్బకు కళ్ళు బైర్లు కమ్మినా, తల దిమ్మెక్కినా, కాసేపు ఏం జరిగిందో గుర్తు రాకపోయినా, వికారంగా అనిపించినా ఆమె ఆ నిమిషంలోనే ఆగి శిక్షకుడికి చెప్పాలి. ఆ రోజు మళ్ళీ రింగులోకి దిగకూడదు, కాస్త తేలిక పడింది కదా అని కూడా దిగకూడదు. తర్వాత ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటలు విశ్రాంతి, అంటే చీకటి గదిలో పడుకోవడం కాదు, నెమ్మదిగా నడవడం మంచిదే, ఫోను తెర ముందు గడపడమే తగ్గించుకోవాలి. ఆ తర్వాత వ్యాయామం మెట్టు మెట్టుగా పెరుగుతుంది, మొత్తం ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు, దెబ్బలు తగిలే సాధన అన్ని లక్షణాలూ పూర్తిగా పోయి వైద్యుడు రాసి ఇచ్చిన తర్వాతే. పూర్తిగా తిరిగి రావడానికి నెల పట్టినా అది అసాధారణం కాదు. మొదటి రోజుల్లో తలనొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా వేసుకోకూడదు, లోపల రక్తస్రావం ఉంటే అవి ఎక్కువ చేస్తాయి, మన పారాసిటమాల్ (అక్కడ టైలెనాల్) కూడా వైద్యుడికి చెప్పిన తర్వాతే. తలనొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, ఒక చేయి గాని కాలు గాని బలహీనంగా అనిపించినా, ఒక కనుపాప పెద్దదిగా కనిపించినా, నిద్రలోంచి లేపడం కష్టమైనా అది అత్యవసరం, తెల్లవారే దాకా ఆగే పని కాదు. ఈ చివరి లక్షణాలు దెబ్బ తిన్న మనిషి తనలో తాను గుర్తించలేదు కాబట్టి గదిలో ఉండే స్నేహితురాలికి తెలిసి ఉండాలి.

చేరేలోపు మిగిలిన వారాల్లో మెడ, భుజాల కండరాలకు వ్యాయామం చేయించండి. అది కంకషన్‌ను ఆపుతుందని హామీ ఇవ్వలేను గాని, బలమైన మెడ తలను కొంత స్థిరంగా ఉంచుతుంది, నష్టమైతే లేదు. ఊళ్ళో మంచి బాక్సింగ్ శిక్షకుడు దొరికితే నాలుగు వారాలు పాదాల కదలిక, గడ్డం దించి కాచుకోవడం మాత్రం నేర్పించమనండి, స్పారింగ్ వద్దని ముందే చెప్పండి. మొదటి రోజున ఏమీ రాక నిలబడే పిల్లలకంటే కాచుకోవడం తెలిసిన పిల్లలు తక్కువ దెబ్బలు తింటారు.

వేసవిలో మొదటి ఆరు వారాల ప్రాథమిక శిక్షణలో క్యాడెట్ల చేతుల్లో ఫోన్లు దాదాపు ఉండవు, ఉత్తరాలే దిక్కు. ఆ తర్వాత ఫోను చేసినప్పుడు గెలిచావా అని అడగకండి, మీవారినీ అడగనివ్వకండి. బాగా నిద్ర పడుతోందా, చదివింది తలకెక్కుతోందా, తలనొప్పి వచ్చిందా అని అడగండి. కృష్ణా జిల్లా కుర్రవాడు నాకు అబద్ధం చెప్పింది ఇంట్లో ఆ మొదటి ప్రశ్న వేస్తారన్న బెంగతోనే.

ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. సాకర్‌లో దెబ్బ తగిలినప్పుడు చూసిన డాక్టరు రాసిన నోట్, స్కాన్ తీసి ఉంటే దాని రిపోర్టు, ఆటకు తిరిగి అనుమతించిన కాగితం, ఈ మూడింటి నకళ్ళు ఆ క్లినిక్ నుంచి తెప్పించండి. పాత రికార్డులు పంపడానికి వారు వారాలు తీసుకుంటారు, చేరే రోజు దగ్గర పడ్డాక అడిగితే అందవు. ఒక నకలు అమ్మాయి సామానులో, ఇంకొకటి మీ దగ్గర ఉండాలి. బాక్సింగ్ తరగతి మొదలయ్యే ముందు తనంతట తానే వెళ్ళి అక్కడి వైద్యుడి చేతికి ఆ కాగితాలు ఇచ్చి, "పదిహేనేళ్ళప్పుడు ఒకసారి అయింది, తర్వాత ఏమీ లేదు, చూడండి" అని చెప్పమనండి. ఆ వైద్యుడు మరికొన్ని పరీక్షలు చేయమన్నా, కొంతకాలం ఆగమన్నా, ఆ మాట వినాలి.